కాలువ పారుతది, బస్సు నడుస్తది: ఇంగ్లీషు ‘రన్’కు మన క్రియలు

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన వార్త అందగానే మిర్యాలగూడ రైతు “కాలువ పారుతుంది” అంటాడు. సూర్యాపేట బస్టాండులో కండక్టరు “ఈ బస్సు కోదాడ దాకనే నడుస్తది” అంటాడు. కోదాడ థియేటర్లో కొత్త సినిమా రెండో వారం కూడా “ఆడుతుంది”. ఇంట్లో జలుబు చేసిన పిల్లవాడి ముక్కు “కారుతుంది”. హైదరాబాద్–విజయవాడ రోడ్డు ఊరి పక్కగా “పోతుంది”. ఇంగ్లీషులో ఈ అయిదు పనులకూ ఒకే క్రియ సరిపోతుంది. అది రన్. కాలువా, బస్సూ, సినిమా, ముక్కూ, రోడ్డూ అన్నీ అక్కడ రన్ అవుతాయి.

బడిలో మాత్రం ‘రన్ అంటే పరుగెత్తు’ అని ఒక్క ముక్కలో నేర్పి ముందుకు సాగిపోతున్నారు. 2022–23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. అప్పటిదాకా ఒక సబ్జెక్టుగా ఉన్న భాషలోనే ఇప్పుడు సైన్సూ సోషలూ చదవాలి. నది రన్ అవుతుందని సోషల్ పుస్తకంలో, మోటారు రన్ అవుతుందని సైన్సు పుస్తకంలో పిల్లవాడికి ఎదురవుతుంది. పరుగెత్తడం ఒక్కటే తెలిసినవాడు ఆ రెండు చోట్లా ఆగిపోతాడు. ఇంగ్లీషులో అతి మామూలుగా కనిపించే క్రియలే మన పిల్లల్ని ఎక్కువగా తికమక పెడుతున్నాయి. పెద్ద మాటలకు నిఘంటువులో ఒకటో రెండో అర్థాలుంటాయి, బట్టీపడితే వస్తాయి. చిన్న మాటల సంగతి అలా కాదు.

ఎంత చిన్న మాటకు ఎంత బరువుందో నిఘంటుకర్తలకు బాగా తెలుసు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువులో ‘టేక్’ అనే క్రియకు 130కి పైగా అర్థాలు విడదీసి చూపాడు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో ‘సెట్’ అనే మాట 430 అర్థాలతో అన్నిటికన్నా పెద్ద ఆరోపంగా (నిఘంటువులో ఒక మాటకిచ్చే పద్దుగా) నిలిచింది. ఆ తర్వాత మూడో కూర్పు పనిలో ‘రన్’ దాన్ని దాటేసింది. క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఈ ఒక్క మాట మీద దాదాపు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. యంత్రాల కాలం రావడంతో ఈ మాట ఇంతగా పెరిగిందని ఆ లెక్క బయటికొచ్చిన 2011లో కొందరు రచయితలు వివరించారు. గడియారం, రైలు, ఫ్యాక్టరీ, ఆ తర్వాత కంప్యూటరు, ఏది వచ్చినా దాన్ని రన్ చేయడమే అయింది. వివరణ బాగానే ఉంది. అయితే ఈ మాటకు యంత్రాలకన్నా ముందునుంచీ ఉన్న అర్థం నీళ్లదే. ఆ సంగతి మిర్యాలగూడ రైతుకు విడమర్చి చెప్పక్కర్లేదు.

పాత ఇంగ్లీషులో ఈ క్రియ ‘రిన్నన్’. పరుగెత్తడమూ ప్రవహించడమూ రెండూ దాని అర్థాలే. జర్మన్‌లో దాని బంధువు ‘రిన్నెన్’ ఇప్పటికీ నీరు కారడాన్నీ పారడాన్నీ చెబుతుంది. తెలుగులో దీనికి అద్దం పట్టినట్టున్న మాట ‘పారు’. పాత తెలుగులో శకటరేఫంతో రాసే ‘పాఱు’కు ప్రవహించడమే కాక పరుగెత్తడం కూడా అర్థం. ఆ రెండో అర్థం వాడుకలోంచి పోలేదు, ‘పారిపోవు’లో దాక్కుని బతికే ఉంది. హైవే మీద ప్రమాదం జరిగితే ఇంగ్లీషు పేపరు ‘హిట్ అండ్ రన్’ అని రాస్తుంది, తెలుగు పేపరు ‘ఢీకొట్టి పారిపోయిన డ్రైవరు’ అని రాస్తుంది. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు నీటి పరుగునూ మనిషి పరుగునూ ఒకే మాటలో కట్టేశాయి. ‘రన్’ను నేర్పడానికి ఇంతకన్నా మంచి తలుపు మరొకటి లేదు. పాఠ్యపుస్తకాలు ఆ తలుపు తట్టడం లేదు.

ఈ ప్రాంతంలో ‘పారు’ ఎంత విస్తరించిందో చూడాలంటే ఎడమ కాలువ వెంట నడవాలి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్ బహదూర్ కాలువ అని పేరు పెట్టిన ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాల మీదుగా ఖమ్మం వైపు సాగింది. నీళ్లతోపాటు మాటా పారింది. కాలువ పారుతుంది, కాలువ కింద పొలం కూడా పారుతుంది. “మా మడి ఇంకా పారలే” అంటే మడికి నీళ్లు ఇంకా అందలేదని. “ఈ బోరు కింద రెండెకరాలు పారుతది” అంటే అంత భూమికి తడి సరిపోతుందని. నీరు పెట్టడం పారించడం. తడిసే భూమి పారకం. ఆ శాఖ పేరే నీటిపారుదల శాఖ. నీళ్లు రన్ అవుతాయని ఇంగ్లీషువాళ్లూ అంటారు. పొలం రన్ అయిందని మాత్రం అనలేరు. అక్కడ వాళ్లు లాటిన్ నుంచి ‘ఇరిగేషన్’ తెచ్చుకోవాల్సి వచ్చింది.

నీటి పరుగుకు ‘పారు’ ఒక్కటే దిక్కు కాదు. బోరు “పోస్తది”. మంచి బోరైతే రెండించుల నీళ్లు పోస్తుందంటారు, ఎండాకాలం వస్తే “బోరు పోస్తలేదు” అంటారు. చెరువు నిండితే అలుగు పారుతుంది. తెలంగాణ పల్లెల్లో మత్తడి “దుంకుతది”. కుళాయి నుంచి వదలకుండా వచ్చేది ధార. సన్నగా వచ్చేది కారడం. ముక్కూ, చెమటా, కన్నీరూ, కొత్త చీర రంగూ అన్నీ కారేవే. కట్ట తెగితే గండి పడుతుంది. 2024 సెప్టెంబర్ 1న కుండపోత వానలకు కోదాడ దగ్గరి నడిగూడెం మండలంలో ఎడమ కాలువకే గండి పడింది. నీరు ఎంత వేగంతో, ఎంత లావున, ఎక్కడినుంచి వస్తోందన్నదాన్ని బట్టి తెలుగు క్రియ మారుతుంది. ఇంగ్లీషు ‘రన్’ ఆ తేడాలన్నిటి మీదుగా ఒకే దుప్పటి కప్పి, వెనక ‘ఓవర్’, ‘డౌన్’, ‘ఆఫ్’, ‘డ్రై’ లాంటి చిన్న మాటలు తగిలించి పని నడుపుకుంటుంది. క్రియల్ని పెంచుకోవడం తెలుగు పద్ధతి, తోకల్ని పెంచుకోవడం ఇంగ్లీషు పద్ధతి. ‘ఫ్రేజల్ వెర్బ్స్’ పేరుతో గ్రామర్ గైడ్లు పేజీలకు పేజీలు జాబితాలు ఇచ్చేది ఈ తోకల కోసమే. పద్ధతిలో ఉన్న తేడాను చెప్పకుండా జాబితా మాత్రం ఇస్తే అది బట్టీకి తప్ప మరెందుకూ పనికిరాదు.

పరుగెత్తడం అనే మొదటి అర్థం దగ్గరే ఇంకో చిక్కుంది. సూర్యాపేట పిల్లవాడు ఇంట్లో ‘పరుగెత్తు’ అనడు, ‘ఉరుకు’ అంటాడు. “కుక్క ఎంటపడితే ఉరికిండు”, “ఉరుక్కుంట పో” అనేవి అతని తెలుగు. కృష్ణా తీరం దిగువన ‘ఉరుకు’ అంటే చాలాచోట్ల దూకడమే. కోదాడ ఈ రెంటికీ మధ్య ఉంది. ఒకప్పుడు నిజాం రాజ్యానికీ మద్రాసు ప్రెసిడెన్సీకీ, ఇప్పుడు తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ అది సరిహద్దు పట్టణం. అటు జగ్గయ్యపేట సంతకూ ఇటు సూర్యాపేట మార్కెట్‌కూ తిరిగే మనుషుల నోట్లో ఉరుకుడూ పరిగెత్తడమూ రెండూ దొరుకుతాయి. పుస్తకంలో ‘రన్’ పక్కన రాసిన తెలుగు మాట కూడా ఆ పిల్లవాడికి పరాయిదే అయినప్పుడు, అతను ఒక కొత్త మాటకు బదులు రెండు నేర్చుకుంటున్నాడు. టీచరు ఒక్కసారి “రన్ అంటే ఉరుకుడు” అంటే చాలు, సగం దూరం తగ్గిపోతుంది. కొందరు టీచర్లు అంటున్నారు కూడా. వాళ్ల వల్లే చదువు ముందుకు పోతోంది.

యంత్రాల దగ్గరికి వస్తే మిర్యాలగూడ పేరు చెప్పకుండా కుదరదు. కాలువ వచ్చాక వరి పెరిగింది, వరి వెంట రైస్ మిల్లులు పెరిగాయి. దేశంలోనే పేరున్న బియ్యం కేంద్రాల్లో ఒకటిగా ఆ పట్టణం ఎదిగింది. ఇంగ్లీషులో మిల్లు రన్ అవుతుంది. తెలుగులో మర ఆడుతుంది, మిల్లు నడుస్తుంది, వడ్లు మర ఆడిస్తారు, లేదంటే మర పట్టిస్తారు. తెలంగాణలో పిండి మిల్లు గిర్ని. “గిర్నికి పోయి పిండి పట్టిచ్చుకరా” అని ఇంట్లో పురమాయిస్తారు. ‘ఆడు’ యంత్రాలకోసం కొత్తగా పుట్టిన మాట కాదు. గానుగ ఆడించడం కరెంటు రాకముందునుంచీ ఉంది. ఊపిరి ఆడుతుంది, సినిమా ఆడుతుంది. సినిమా ‘ఆడడం’ నాటకం ఆడడంలోంచి వచ్చింది. ఇంగ్లీషువాడు వంద రోజుల రన్ అన్నదాన్ని మనం వంద రోజులు ఆడిందనే అంటున్నాం.

‘పట్టించు’ అనే మాట దొరికింది కాబట్టి ‘పట్టు’ గురించి ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషు క్రియల్ని చూసి జడిసే తెలుగు విద్యార్థికి తన సొంత భాషలో అంతే జటిలమైన క్రియ ఒకటి నాలుక చివరనే ఉందని ఎవరూ చెప్పరు. చేపలు పడతారు, దొంగని పడతారు. నిద్ర పడుతుంది, తుప్పు పడుతుంది, చెమట పడుతుంది. గంట సేపు పడుతుంది. సంచిలో యాభై కిలోలు పడతాయి. దారి పట్టడం, మంకు పట్టడం, పంతం పట్టడం, పాలు పట్టడం, వడ్లు పట్టించడం, ఎవరి మాటా పట్టించుకోకపోవడం. వీటిలో చాలావాటిని చిన్న పిల్లలు కూడా తప్పు లేకుండా వాడతారు. జాబితా బట్టీపట్టి నేర్చుకున్నవారు లేరు. వాక్యాల్లో విన్నారు, వాక్యాల్లోనే వాడారు. ‘రన్’ కూడా అలా వస్తేనే వస్తుంది.

బండ్లకూ, సంస్థలకూ, కాలానికీ తెలుగు ఎంచుకున్న క్రియ ‘నడుచు’. సూర్యాపేటకు రైల్వే స్టేషన్ లేదు, కోదాడకూ లేదు. ఆ రెండు ఊళ్లూ జాతీయ రహదారి మీద బస్సుల్నీ లారీల్నీ నమ్ముకుని పెరిగాయి. రైలు బీబీనగర్–నడికుడి మార్గంలో మిర్యాలగూడ మీదుగా పోతుంది. స్టేషన్‌లో ఇంగ్లీషు ప్రకటన ‘రన్నింగ్ లేట్’ అంటుంది, తెలుగు ప్రకటన ‘ఆలస్యంగా నడుస్తోంది’ అంటుంది. ఇక్కడ నడిచేవి బస్సులూ రైళ్లే కాదు. కేసు నడుస్తుంది, బడి నడుస్తుంది, సంసారం నడుస్తుంది. ఏలినాటి శని నడుస్తుంది. నలభయ్యో ఏడు నడుస్తుంది. 2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాక తెలంగాణ అంగళ్లలో అందరి నోటా ఒకటే మాట, “అయిదొందల నోటు నడుస్తలేదు” అని. కృష్ణా దిగువన అదే నోటు ‘చెల్లదు’. ఇంగ్లీషువాడు పరుగెత్తించే చోట తెలుగువాడు నడిపిస్తున్నాడు.

ఈ తేడాని చూసి మనది నిదానపు సంస్కృతి, వాళ్లది తొందర సంస్కృతి అని తేల్చేసేవారున్నారు. ఆ వాదం నిలవదు. ఫ్రెంచిలో యంత్రం పనిచేస్తోందనడానికి వాడే క్రియ ‘మార్షే’. దానికి నడవడమనే అర్థం. ఫ్రాన్సులో వేగానికి తక్కువేం లేదు. జర్మన్‌లో మోటారుకు పెట్టే ‘లౌఫెన్’ నడకకూ వాడతారు, పరుగుకూ వాడతారు. హిందీ, ఉర్దూల ‘చల్‌నా’ కూడా నడకే. ఒక భాష ఏ కదలికను ముందు పట్టుకుందో, అర్థాలు అక్కణ్ణుంచే పాకుతాయి. జాతి స్వభావాన్ని క్రియలో వెతకడం మానేసి, అర్థం ఎలా పాకిందో చూడడం మేలు.

ఎన్నికల సంగతి తేలిగ్గా తేలిపోతుంది. అమెరికాలో అభ్యర్థి పదవికి రన్ అవుతాడు, బ్రిటన్‌లో స్టాండ్ అవుతాడు. తెలుగులో నిలబడతాడు, పోటీ చేస్తాడు, బరిలోకి దిగుతాడు. అమెరికా వాడుక పరుగుపందెంలోంచి వచ్చింది, బరి కుస్తీలోంచీ కోడిపందెంలోంచీ వచ్చింది.

‘రన్ అవుట్’ దగ్గర మాత్రం తెలుగు ఇల్లు ఇంగ్లీషుకు అందనంత దూరం పోయింది. బియ్యం అయిపోయాయని పెద్దవాళ్లు అనరు. ఆ మాట నోట రాకూడదు. డబ్బా ఖాళీ అయితే “బియ్యం నిండుకున్నయి” అంటారు. లేమిని నిండుదనంతో చెప్పే ఈ మర్యాద ఒక్క బియ్యం దగ్గరే ఆగలేదు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. తాళి తెగిందనరు, పెరిగిందంటారు. మంగళకరమైన వస్తువుకు అమంగళం తగలకూడదన్న జాగ్రత్త అది. బియ్యం కానిదానికి, శుభాశుభాల పట్టింపు లేనిదానికి తెలంగాణలో వేరే క్రియ సిద్ధంగా ఉంది. “పైసలు ఒడిసినయి”, “ముచ్చట ఒడిసింది”. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది, గడువు దాటిపోతుంది, ఓపిక నశిస్తుంది. వీటన్నిటినీ ఇంగ్లీషు ‘రన్ అవుట్’ అనే చెబుతుంది. క్రికెట్‌లో మాత్రం మనం రనౌట్‌ను అలాగే ఉంచుకుని, రన్నుల్ని ‘పరుగులు’ చేసుకున్నాం. పేపర్లు ‘పరుగుల వరద’ అని శీర్షిక పెడితే ఎవరికీ అది అనువాదమని అనిపించదు.

ఇక్కడిదాకా చూసింది ‘రన్’కు తెలుగు ఏం చెబుతుందన్నది. తెలుగులోకి వచ్చి ‘రన్’ ఏమైందన్నది ఇంకా ఆసక్తికరమైన కథ. ఆ కథలో నాయిక ‘రన్’ కాదు, ‘రన్నింగ్’. కోదాడలో చీరల కొట్టుకు పోతే ‘రన్నింగ్ బ్లౌజ్’ ఉన్న చీర చూపిస్తారు. జాకెట్టు ముక్క విడిగా కాక చీరతో కలిసే వస్తుందని దాని అర్థం. కార్పెంటరూ ఇంటి పని మేస్త్రీ ‘రన్నింగ్ ఫీట్’ లెక్కన కూలి మాట్లాడతారు. పాత బండి అమ్మేవాడు “రన్నింగ్ కండిషన్‌ల ఉంది” అంటాడు. కిరాణా కొట్టులో బాగా పోయే సరుకు ‘రన్నింగ్ ఐటం’. బస్సు ఆగకముందే దూకినవాణ్ణి “రన్నింగ్‌ల దిగిండు” అని తిడతారు. కాలేజీలో లెక్చరరు చెబుతుంటే రాసుకునేది ‘రన్నింగ్ నోట్స్’. పోలీసు ఉద్యోగాల కోసం తెల్లారకముందే గ్రౌండుకు వచ్చే యువతకు రన్నింగ్ ఒక పరీక్ష పేరు. 2022 నియామకాల్లో మగవాళ్లకు 1,600 మీటర్లు, ఆడవాళ్లకు 800 మీటర్లు పెట్టారు. “రన్నింగ్ క్వాలిఫై అయిండు” అంటే ఆ ఊళ్లో అందరికీ అర్థమవుతుంది.

ఇవన్నీ ఇంగ్లీషు వచ్చినవాళ్ల మాటలని కొట్టిపారేయడానికి లేదు. ఇంగ్లీషు వాక్యం ఒక్కటీ రాయని దర్జీ, మేస్త్రీ, కండక్టరు వీటిని కచ్చితమైన అర్థంతో వాడుతున్నారు. ‘రన్నింగ్’ ఇప్పుడు తెలుగు విశేషణం. తెలుగు నిఘంటువుల్లో దానికి ఆరోపం రావాల్సిన సమయం ఎప్పుడో వచ్చింది.

‘రన్’ క్రియగా తెలుగులోకి రావడంలో ఒక నియమం ఉంది. దాదాపు ఏ ఇంగ్లీషు క్రియా నేరుగా తెలుగు ప్రత్యయం తగిలించుకోదు. ‘చేయు’నో ‘అవు’నో పక్కన పెట్టుకుని వస్తుంది. రన్ చేస్తారు, రన్ అవుతుంది. మన క్రియల్లో పని జరగడానికీ జరిపించడానికీ సాధారణంగా రెండు రూపాలుంటాయి. పారు, పారించు. ఆడు, ఆడించు. నడుచు, నడుపు. ఇంగ్లీషు ‘రన్’కు ఆ తేడా లేదు. మోటారు రన్ అవడమూ మోటారును రన్ చేయడమూ అక్కడ ఒకే మాట. తెలుగులోకి దిగగానే ఆ మాటకు మన వ్యాకరణం రెండు చేతులు తొడిగింది. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో కూర్చున్న సూర్యాపేట ఇంజనీరు “కోడ్ రన్ చేసిన, రన్ అయితలేదు” అన్నప్పుడు మాట ఇంగ్లీషుదే, వాక్యం మాత్రం నిఖార్సైన తెలంగాణ తెలుగు.

ఉర్దూ క్రియలు ఇలా రాలేదు. ‘చలానా’ నుంచి ‘చలాయించు’, ‘దబానా’ నుంచి ‘దబాయించు’, ‘బనానా’ నుంచి ‘బనాయించు’ ఏర్పడ్డాయి. తెలుగు ‘ఇంచు’ను ఒంటికి తగిలించుకుని పూర్తిగా ఇంటివాళ్లయిపోయాయి. ఇందులో ‘చలానా’ ఉర్దూలో అచ్చంగా ‘రన్’ లాంటి మాట. బండిని నడపడం, పనిని నడపడం రెండూ దాని అర్థాలే. తెలుగులో అది పెత్తనం దగ్గర స్థిరపడింది. పెత్తనం చలాయిస్తారు, అధికారం చలాయిస్తారు. దాని చెల్లెలు ‘చాలూ’ తెలంగాణలో యంత్రాల దగ్గర ఉంది. “మోటరు చాలూ చెయ్” అంటే ఆన్ చేయమని. 1948 దాకా ఈ ఊళ్లున్న నల్లగొండ జిల్లాలో కచేరీ భాష ఉర్దూ. అప్పటి చదువూ కోర్టూ ఉర్దూలోనే నడిచాయి. ఇప్పటి చదువూ ఉద్యోగమూ ఇంగ్లీషులో నడుస్తున్నాయి. పాలన ఏ భాషలో సాగితే ఆ భాషలోని ‘నడిపే’ క్రియ మనలోకి వస్తుందనడానికి ఈ రెండు మాటలే సాక్ష్యం.

అయితే ‘రన్ చేయు’ వచ్చి ‘నడుపు’ను నెట్టేస్తోందా? పూర్తిగా కాదు. “హోటల్ నడుపుతుండు” అంటే సొంతదని అనిపిస్తుంది. “లీజుకు తీసుకొని రన్ చేస్తుండు” అనే వాక్యంలో ‘రన్ చేయడం’ నిర్వహణ ఒక్కటే. రెండు మాటలు పక్కపక్కనే ఉన్నప్పుడు భాష వాటికి వేర్వేరు పనులు అప్పగిస్తుంది. ఇది భాషకు ఆరోగ్యమే. ఆందోళన పడాల్సింది వేరే చోట ఉంది. మత్తడి దుంకడం, పారకం, ఒడుచు, నిండుకొను లాంటి మాటలకు ఇలా పని పంచుకునే అవకాశం కూడా లేదు. వాటి స్థానంలో ‘ఓవర్‌ఫ్లో’, ‘అయిపోయింది’ అనేవి వచ్చి కూర్చుంటున్నాయి, ఎవరూ గమనించడం లేదు.

తెలుగు తడబడే చోట్లు కూడా చెప్పుకోవాలి. ఒక పేపరు వార్తను ‘రన్’ చేయడానికి మనం ‘ప్రచురించు’ అనే బరువైన మాటకు పోతాం. ప్రమాదమని తెలిసి ముందుకు పోయేవాడు ఇంగ్లీషులో రిస్కును రన్ చేస్తాడు, తెలుగులో ‘తెగించాడు’ అంటే కొంతే వస్తుంది. షుగర్ జబ్బు కుటుంబంలో రన్ అవుతుందని డాక్టరు ఇంగ్లీషులో తేలిగ్గా అంటాడు. ‘వంశపారంపర్యం’ అనే అయిదక్షరాలకు మించిన మాట రోగికి కోర్టు కాగితంలా వినిపిస్తుంది. అయినా ఊళ్లో దీనికి జవాబు లేకపోలేదు. “ఆళ్ల ఇంట్ల అందరికి ఉన్నది” అంటే సరిపోతుంది. ఒక క్రియకు క్రియే దొరకాలన్న పట్టు వదిలితే, ఎంత కష్టమైన వాడుకకైనా మామూలు తెలుగు వాక్యం దొరుకుతుంది.

ఈ దారిలో పాత పనివాళ్లున్నారు. 19వ శతాబ్దం మధ్యలో సి.పి. బ్రౌన్ రెండు దిశల్లోనూ నిఘంటువులు చేసి, ఒక్కో ఇంగ్లీషు మాటకు తెలుగు వాడుకలు పేర్చాడు. ఆయన తిరిగింది ఎక్కువగా కడప, మచిలీపట్నం, రాజమండ్రి. నిజాం ఇలాకాలోని తెలుగు ఆయన చేతికి అంతగా అందలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు ధాతువుల మీద తన ఇంగ్లీషు గ్రంథాన్ని వెలువరించారు. మరుసటి ఏడే మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంగా వ్యవసాయ పదాల్ని అచ్చు వేయించారు. రైతు నోటి మాటను శాస్త్రంగా పట్టుకున్న పని అది. ఆ సంపుటం వచ్చినప్పటికి సాగర్ కాలువకు ఇంకా నీళ్లు రాలేదు. ఆ నీళ్ల వెంట పుట్టిన మాటల్నీ, మిల్లుల వెంటా లారీల వెంటా పుట్టిన మాటల్నీ అంత శ్రద్ధగా పోగుచేసే పని మిగిలే ఉంది.

ఇప్పుడు బజార్లో దొరికే ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుల్లో ఎక్కువభాగం ‘రన్’ పక్కన తెలుగు మాటలు వరసగా పేరుస్తాయి. ఏ మాట ఏ వాక్యంలో సరిపోతుందో చూపవు. ‘పరుగెత్తు, ప్రవహించు, నిర్వహించు’ అని మూడు మాటలిస్తే, విద్యార్థి హోటల్‌ను ప్రవహింపజేసినా ఆశ్చర్యపోకూడదు. నిఘంటువు వాక్యంతో మొదలవ్వాలి. మోటరు నడుస్తుంది, కాలువ పారుతుంది, ముక్కు కారుతుంది, సినిమా ఆడుతుంది, రోడ్డు పోతుంది, బియ్యం నిండుకుంటాయి. ఈ ఆరు వాక్యాలు ఒక పేజీలో పక్కపక్కన ఇంగ్లీషుతో వేస్తే, ‘రన్’ను ఇంతకన్నా బాగా నేర్పే పేజీ ఉండదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడుల్లో ఇంగ్లీషు చెప్పే టీచర్లు ఈ పేజీ అచ్చయ్యేదాకా ఆగనవసరం లేదు. పిల్లల్ని ఒక వారం పాటు ఇంటి దగ్గరా, కాలువ గట్టు మీదా, గిర్ని దగ్గరా, బస్టాండులోనూ విని రమ్మనండి. నాయనమ్మ బియ్యం డబ్బా మూత తీసి ఏమందో, నాన్న మోటరు దగ్గర ఏమన్నాడో, దర్జీ అక్క చీర చూపిస్తూ ఏమందో నోట్‌బుక్కులో రాసుకు రమ్మనండి. ఆ వాక్యాల్లో ఇంగ్లీషు ‘రన్’ ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో తరగతిలో కూర్చుని వాళ్లచేతే తేల్పించండి.